ట్రైపాడ్ విరిగితే తప్పెవరిది? కెమెరా సామాన్ల క్వాలిటీ ఫిర్యాదులపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరు పీణ్య పారిశ్రామిక వాడలో ట్రైపాడ్లు (కెమెరా నిలబెట్టే మూడు కాళ్ల స్టాండ్లు), బాల్‌హెడ్లు (స్టాండ్ పైన బంతి మీద కెమెరాను ఏ వైపుకైనా తిప్పి బిగించే భాగాలు), క్లాంపులు (కెమెరాను హెడ్‌కు పట్టి ఉంచే భాగాలు) బాగుచేయడం నా వృత్తి. అంతకుముందు ఇదే పీణ్యలో ఒక మెషిన్ షాపులో తయారైన పీసులను కొలిచి పాస్ చేసే ఇన్‌స్పెక్షన్ పని చేశాను. అందుకే ఏ వస్తువు చేతికొచ్చినా, ఇది తయారీలో చెడిందా, వాడకంలో చెడిందా అనేదే ముందు చూస్తాను.

నా దగ్గరికి హిందూపురం, అనంతపురం, మదనపల్లె వైపు నుంచి పెళ్లి ఫొటోగ్రాఫర్లు బాగా వస్తారు. ఇక్కడ మారతహళ్లి, ఎలహంక వైపు కల్యాణ మండపాల్లో మనవాళ్ల పెళ్లిళ్లు తీసేవాళ్లూ వస్తారు. అందరిదీ ఒకటే మాట: "క్వాలిటీ లేదన్నా, డబ్బులు పోయాయి." ఆ మాట నిజమయ్యే సందర్భాలు చాలానే ఉన్నాయి. అయినా ఆ ఒక్క మాట రాసి పంపితే ఏ కంపెనీ పలకదు. లోపం ఫలానా చోట ఉందని చూపిస్తే మాత్రం తప్పించుకోవడం వాళ్లకు కష్టం. ఆ చూపించడం ఎలాగో చాలామందికి తెలియక, న్యాయంగా మార్చి ఇవ్వాల్సిన సరుకును చెత్తలో పడేస్తున్నారు. నన్ను బాధపెట్టేది అదే.

అపోహ: విరిగిందంటే నాసిరకం సరుకే. (కంపెనీ వైపు అపోహ: విరిగిందంటే కస్టమరే ఎక్కువ బరువు పెట్టాడు.)

రెండూ చూడకుండా చెప్పే మాటలే. విరిగిన ముక్కను చూడాలి.

మూడు కాళ్లూ కలిసే పైభాగం, కాళ్ల గొట్టాలను పట్టి ఉంచే కాలర్లు, లాకుల మీటలు చాలా ట్రైపాడ్లలో పోత పోసినవే. కరిగిన అల్యూమినియంను ఒత్తిడితో అచ్చులోకి కొడతారు. ఆ సమయంలో గాలి లోపల చిక్కుకుంటే లోహంలో బుడగలు మిగిలిపోతాయి. పైన రంగు ఉంటుంది కాబట్టి కొనేటప్పుడు ఎవరికీ కనబడవు. విరిగినప్పుడు ఆ ముఖాన్ని టార్చి వెలుగులో, భూతద్దంతో చూడండి. మంచి పోత అయితే విరిగిన ముఖమంతా ఒకే తీరున సన్నని బూడిదరంగు పలుకులా ఉంటుంది. ఇడ్లీ తుంచితే లోపల కనిపించేలాంటి గుండ్రని, నున్నటి గోడల రంధ్రాలు ఉంటే అవి చిక్కుకున్న గాలి. గరుకుగా, వంకరటింకరగా ఉన్న గుంటలైతే లోహం చల్లారుతూ కుంచించుకుపోయిన చోట్లు. ఒక్కోసారి సన్నటి నున్నటి గీత అడ్డంగా కనిపిస్తుంది. రెండు వైపుల నుంచి వచ్చిన లోహం అప్పటికే చల్లబడి, సరిగా కలవకపోతే అలా అవుతుంది. ఈ మూడింట్లో దేనికీ కస్టమర్‌తో సంబంధం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పోత వస్తువు మందంగా ఉన్నచోట, సరిగ్గా మధ్యలో, ఒకటీ రెండూ చిన్న రంధ్రాలు ఉండటం మామూలే. అంచు దగ్గర, బోల్టు రంధ్రం పక్కన, బరువు పడే మూలలో ఉంటేనే అది లోపం. ఫిర్యాదులో ఈ తేడా రాస్తే అవతలి ఇంజనీరు మీ మాట శ్రద్ధగా వింటాడు.

మరి కింద పడి విరిగితే? చుట్టుపక్కల లోహం వంగి ఉంటుంది, రంగు పెచ్చులు లేచి ఉంటుంది, ఎక్కడో ఒకచోట సొట్ట కనిపిస్తుంది. విరిగిన ముఖంలో కొంత మురికిగా నల్లగా, కొంత తళతళలాడుతూ ఉంటే పగులు ముందే మొదలై నెమ్మదిగా పెరిగిందన్నమాట. అది ఎందుకు మొదలైందో తేల్చాలంటే ఆ నల్లటి భాగం ఎక్కడ మొదలైందో చూడాలి. అక్కడ బుడగ ఉంటే తప్పు అచ్చుది, బయట సొట్ట ఉంటే దెబ్బది.

అందుకే వేడుకుంటున్నాను, విరిగిన ముక్కను ఫెవిక్విక్‌తో అతికించకండి. మర్నాడు పెళ్లి ఉందని తొందరలో అతికిస్తారు, ఆ జిగురు రంధ్రాల్లోకి దిగి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ కప్పేస్తుంది. ఒక రోజుకు ట్రైపాడ్ అద్దెకు తెచ్చుకోండి.

అపోహ: కార్బన్ ఫైబర్ కాలు ఊడిందంటే కార్బన్ డూప్లికేట్.

కార్బన్ గొట్టం విరగడం నేను తక్కువ చూశాను. ఊడేది జిగురు. గొట్టాన్ని అల్యూమినియం కాలర్‌లోకి దూర్చి ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికిస్తారు. అతికించే ముందు లోపలి ముఖాన్ని గరుకు చేసి, నూనె తుడిచి, జిగురు అంతటా సమానంగా పట్టించాలి. ఈ పనుల్లో ఏది తగ్గినా కొన్నాళ్లకు కాలు తిరగడం మొదలవుతుంది, తర్వాత జారుతుంది, చివరికి కెమెరాతో సహా కింద పడుతుంది.

కొన్న రోజే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. తెల్ల మార్కర్‌తో కాలర్ మీద నుంచి గొట్టం మీదికి నిలువుగా ఒక గీత గీయండి. మూడు కాళ్లకూ, ప్రతి అతుకు దగ్గరా. ఫొటో తీసి పెట్టుకోండి. నెలకోసారి చూడండి. కాలర్ మీది గీత, గొట్టం మీది గీత ఒకే వరసలో ఉంటే అతుకు గట్టిగా ఉంది. వెంట్రుక మందం పక్కకు జరిగినా జిగురు వదిలింది. ఆ దశలో ఫిర్యాదు చేస్తే కెమెరా పగలకముందే వస్తువు మారుతుంది. అతుకు అని చెప్పింది శాశ్వతంగా బిగించిన చోటు గురించి. తిప్పి లాక్ చేసే చోట గొట్టం కదలడం సహజం, అక్కడ గీత పనికిరాదు.

"కారులో ఎండకు పెట్టారు, అందుకే జిగురు కరిగింది, వారంటీ రాదు" అని ఒక కస్టమర్‌కు జవాబొచ్చింది. నేను ఒప్పుకోను. ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీల సెల్సియస్ దాటడం మన దగ్గర వింతేమీ కాదు. అంతకంటే ఎక్కువ వేడికి ఆగే ఎపాక్సీలు మార్కెట్లో ఉన్నాయి. అనంతపురంలో అమ్మే సరుకు అనంతపురం ఎండకు ఆగాలి కదా. కారులో పెట్టొద్దని మాన్యువల్‌లో ఎక్కడా రాయకుండా, చెడిపోయాక ఆ కారణం చెప్పడం సరికాదు. ఇలాంటి జవాబొస్తే "మాన్యువల్‌లో ఏ పేజీలో ఉందో చూపండి" అని రాతపూర్వకంగా అడగండి.

ఎనిమిది పొరలు, పది పొరలు అని ప్రచారం చేస్తారు కానీ, ఆ అంకె పెద్దదైతే కాలు గట్టిదని చెప్పలేం. ఒక్కో పొర మందం ఎంత, పోగులు ఏ కోణంలో పరిచారు అన్నవాటి మీద బలం ఆధారపడుతుంది.

అపోహ: పెట్టె మీద 15 కిలోలు అని ఉంది, నా 3 కిలోల కెమెరాకే హెడ్ వంగుతోంది, కాబట్టి మోసం.

పెట్టె మీది అంకెను ప్రతి కంపెనీ తనకు తోచిన పద్ధతిలో కొలుచుకుంటుంది. బరువును నిట్టనిలువుగా మధ్యలో పెట్టి కొలిచినా ఆ అంకె రాయొచ్చు. మీ కెమెరా అలా ఉండదు. లెన్సు ముందుకు పొడుచుకొచ్చి, బరువు బాల్ మధ్య నుంచి 10 సెంటీమీటర్లు ముందుకు ఉంటే 3 కిలోల సెట్టు బాల్‌ను సుమారు 3 న్యూటన్ మీటర్ల బలంతో తిప్పాలని చూస్తుంది. హెడ్ ఆపాల్సింది ఆ తిప్పుడును.

ఫ్రేమ్ కొద్దిగా కిందికి దిగుతోందని ఫిర్యాదు రాసేముందు ఒక పని చేయండి. హెడ్ లాక్ చేసి, చేయి వదిలి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) ఎంత దిగిందో చూడండి. ఇప్పుడు లెన్సును వేలితో మెల్లగా పైకెత్తి ఆ బరువు తీసేయండి. ఫ్రేమ్ పాత చోటికి వచ్చేస్తే లోహం, రబ్బరు కాస్త వంగాయంతే. ఏ హెడ్‌లోనైనా కొంత ఉంటుంది. పాత చోటికి రాకపోతే బాల్ జారుతోంది. కొత్త హెడ్‌లో బిగించాక కూడా జారితే అది లోపమే, మార్చమని అడగండి. ఈ చిన్న వీడియో ఒక్కటి పంపితే పది మెయిళ్లు రాయక్కర్లేదు.

అపోహ: ప్లేట్ క్లాంపులో లూజుగా ఉంది, కాబట్టి ప్లేట్ తయారీ బాగోలేదు.

ప్లేట్ అంటే కెమెరా అడుగున స్క్రూతో బిగించి క్లాంపులో దూర్చే లోహపు పలక. ఆర్కా స్విస్ అనే కంపెనీ పేరుతో ఆర్కా స్విస్ పద్ధతి ప్లేట్లంటారే, వాటికి అంతర్జాతీయ ప్రమాణమంటూ ఏదీ లేదు. వెడల్పు సుమారు 38 మిల్లీమీటర్లు, పక్కల వాలు 45 డిగ్రీలు అని అందరూ అనుసరిస్తున్నారు కానీ, మిల్లీమీటరులో కొన్ని వంతుల తేడా కంపెనీకీ కంపెనీకీ ఉంటుంది. నాబ్ తిప్పి బిగించే క్లాంపు ఆ తేడాను సర్దుకుంటుంది. మీట నొక్కి లాక్ చేసే క్లాంపు సర్దుకోలేదు, దానికి తగిన కొలత ప్లేట్ దొరికితేనే పట్టుకుంటుంది. ఒక కంపెనీ ప్లేట్, ఇంకో కంపెనీ మీట క్లాంపు కలిపి వాడి, ఇద్దరి మీదా ఫిర్యాదు చేసేవాళ్లున్నారు.

వెర్నియర్ కాలిపర్ ఒకటి కొనుక్కోండి, ఎస్.పి. రోడ్డులో దొరుకుతుంది. ప్లేట్ వెడల్పును ఈ చివర, మధ్యలో, ఆ చివర కొలవండి. మూడూ ఒకటే వచ్చి, అయినా లూజుగా ఉంటే జత కుదరలేదు. ఒక చివర నుంచి ఇంకో చివరకు కొలత మారుతూ పోతే ప్లేట్ మెషినింగ్‌లోనే వంకరపోయింది. ఆ మూడు కొలతలు రాసి పంపండి.

నిలువు ఫ్రేమ్ పెట్టినప్పుడు కెమెరా తల వాల్చేయడం వేరే సంగతి. ఒకే ఒక్క స్క్రూ మీద కెమెరా తిరిగిపోతోంది. వెనక అంచు పైకి లేచి బాడీకి ఆనే ప్లేట్ గానీ, కెమెరా అడుగునా పక్కనా పట్టే ఎల్ ఆకారపు ఎల్ బ్రాకెట్ గానీ వాడితే ఆగుతుంది.

అపోహ: కెమెరా అడుగున థ్రెడ్ (స్క్రూ పట్టే మరలు) పోయిందంటే ప్లేట్ స్క్రూదే తప్పు.

కావచ్చు, కాకపోవచ్చు. కెమెరా అడుగు స్క్రూకు ఐఎస్ఓ 1222 అనే ప్రమాణం ఉంది. చిన్నది పావు అంగుళం, అంగుళానికి 20 మరలు. స్క్రూ పారేసుకున్నవాళ్లు హార్డ్‌వేర్ షాపులో 6 మిల్లీమీటర్ల బోల్టు తెచ్చి బిగిస్తారు. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు, మరకూ మరకూ మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లు. మామూలు 6 మిల్లీమీటర్ల బోల్టుకు ఆ దూరం 1 మిల్లీమీటరే. ఒకటి రెండు చుట్లు హాయిగా వెళ్లి బిగుసుకుంటుంది, అక్కడ స్పానర్‌తో బలవంతం చేస్తే కెమెరా మరలను తినేస్తుంది. పొడవూ ముఖ్యమే: సోనీ తన కెమెరా మాన్యువళ్లలో స్క్రూ 5.5 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండాలని రాస్తుంది.

ప్లేట్‌తో పాటే వచ్చిన స్క్రూ మీద అంచు లేచి గీసుకుంటుంటే, మరలు సగంలో ఆగిపోయి ఉంటే, అది తయారీ లోపం. గోటితో తడిమినా తెలుస్తుంది.

అపోహ: బిగుసుకుపోయిన హెడ్‌కు కాస్త నూనె వేస్తే చాలు.

వద్దు. బాల్‌హెడ్ పనిచేసేదే రాపిడి మీద. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే, ఏది వేసినా పట్టు పోతుంది. వీడియో హెడ్‌లో అయితే లోపలి ప్రత్యేకమైన గ్రీజు పలచబడిపోతుంది. విప్పగానే వాసనకే తెలిసిపోతుంది, ఇక వారంటీ అడగలేరు. అలాగే ఊడుతున్న స్క్రూలకు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదలకుండా పట్టే జిగురు) వేసేటప్పుడు అది ప్లాస్టిక్ భాగాలకు తగలనివ్వకండి, కొన్ని రకాల ప్లాస్టిక్ దానికి పగిలిపోతుంది.

మీట లాకులున్న కాలు జారుతుంటే ముందు మీట పక్కనున్న బోల్టును అలెన్ కీతో పావు చుట్టు బిగించి చూడండి. చాలా "లోపాలు" అక్కడే తీరిపోతాయి.

అపోహ: చైనా సరుకు, ఇంతే.

ఒకే ఊళ్లో మంచి పోతా పోస్తారు, చెడ్డ పోతా పోస్తారు. పీణ్యలోనూ అంతే. దేశం పేరు ఫిర్యాదులో రాయకండి, దానితో మీ వాదనకు పైసా బలం రాదు.

అపోహ: పెళ్లిళ్లు తీసి సంపాదిస్తాం కాబట్టి మనం వినియోగదారులం కాము.

ఈ మాట చెప్పి ఫొటోగ్రాఫర్లను వెనక్కి పంపేస్తుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార అవసరానికి కొన్నవాళ్లను మినహాయించిన మాట నిజమే. కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునేవాళ్లు వినియోగదారులేనని అదే చట్టం వివరణ ఇచ్చింది. కెమెరా పట్టుకుని సొంతంగా పెళ్లిళ్లు తీసుకునే మనిషికి ఇది వర్తిస్తుంది. చాలామందిని జీతాలకు పెట్టుకున్న పెద్ద స్టూడియో అయితే వాదన రావొచ్చు.

ఆన్‌లైన్‌లో కొన్నా, అమ్మినవాడు ఎక్కడో ఢిల్లీలో ఉన్నా, మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. హిందూపురం మనిషి బెంగళూరు రానక్కర్లేదు. ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుంచి 2 సంవత్సరాల గడువు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. దానికంటే ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. చిన్న తగాదాలు అక్కడే తేలే అవకాశం ఉంది. పెట్టె పారేయకండి: తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, అడ్రసు, ఫిర్యాదుకు ఫోన్ నంబరు దాని మీద ఉండి తీరాలి.

ఇక ఫిర్యాదు ఎలా రాయాలంటే, "ట్రైపాడ్ వేస్ట్, డబ్బులు వాపస్ ఇవ్వండి" అని రాస్తే పక్కన పడేస్తారు. ఇలా రాయండి: "ఒక కాలి గొట్టం పై కాలర్‌లోంచి 4 మిల్లీమీటర్లు జారింది. కొన్న రోజు గీసిన గీత ఫొటో, ఈరోజు ఫొటో జతచేశాను. గొట్టం మీద గానీ కాలర్ మీద గానీ దెబ్బ, సొట్ట లేవు. మిగతా రెండు కాళ్ల అతుకులు కదలలేదు." కోపం ఎంతున్నా సరే, ఈ నాలుగు వాక్యాల్లో దానికి చోటివ్వకండి. ఫొటోలో పక్కన స్కేలు గానీ రూపాయి బిళ్ల గానీ పెట్టండి.

విరిగిన ముక్కలన్నీ, స్క్రూలతో సహా, ఒక కవర్లో వేసి తేదీ రాసి ఉంచండి. వస్తువు వెనక్కి పంపమంటే, ప్యాక్ చేసే ముందు విరిగిన ముఖాలన్నీ దగ్గరగా వీడియో తీసి, సీరియల్ నంబరు కనిపించేలా ఒక ఫొటో తీసి, అప్పుడు కొరియర్‌కు ఇవ్వండి.