స్లో అయిందా? సర్వర్ అడిగే ముందు క్వెరీలు లెక్కపెట్టండి

పోయిన వారం మళ్లీ అదే ఫోన్. "అన్నా, అప్లికేషన్ స్లో అయింది, ఇంకో రెండు సర్వర్లు అడగమంటావా?" పన్నెండేళ్లుగా పెర్ఫార్మెన్స్ టెస్టింగ్ చేస్తున్నాను, ఈ ప్రశ్న వినని నెల లేదు. స్లో అంటే సర్వర్ చాలట్లేదని అర్థం అనే మాట ఎవరు పుట్టించారో గానీ ప్రతి టీములోనూ వేదవాక్కు అయిపోయింది. క్లౌడ్ వచ్చాక మరీనూ, బటన్ నొక్కితే సర్వర్ వస్తుంది కదా, బిల్లు మాత్రం నెలాఖరున ఇంకెవరి నెత్తినో పడుతుంది.

కొన్నేళ్ల కిందట ఒక జూనియర్ కాలేజీల ఫీజుల అప్లికేషన్ చూశాను. చివరి తేదీ, అన్ని బ్రాంచీల్లో కౌంటర్ల ముందు తల్లిదండ్రుల క్యూ. క్లర్క్ ఎంపీసీ ఫస్టియర్ బకాయిల లిస్టు నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. లాగ్ నిండా ఒకటే ఎర్రర్, డేటాబేస్‌కి కనెక్షన్ దొరకలేదు, 30 సెకన్లు చూసి వదిలేశాను అని. మేనేజర్ 4 సర్వర్లను 12 చేయించాడు. పది నిమిషాల్లో అప్పటిదాకా కుంటుతున్నది కాస్తా పూర్తిగా పడిపోయింది!

ఎందుకు పడిందో చూడండి. ఈ అప్లికేషన్ రాసింది స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో. అందులో డేటాబేస్ కనెక్షన్లు తెరిచి సిద్ధంగా ఉంచే హికారీ పూల్, మీరేమీ మార్చకపోతే ఒక్కో సర్వర్‌కి 10 కనెక్షన్లు తీసుకుంటుంది. 12 సర్వర్లంటే 120. వెనకున్న డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, దాని డిఫాల్ట్ పరిమితి మొత్తం 100 కనెక్షన్లు, అందులో 3 సూపర్‌యూజర్‌కి, అంటే డేటాబేస్ అడ్మిన్‌కి. పదో సర్వర్‌కే సీట్లు అయిపోయాయి, మిగతావి తలుపు దగ్గరే నిలబడ్డాయి. మీరు ఎన్ని కౌంటర్లు తెరిచినా లోపల గోడౌన్ ఒక్కటే కదా.

అసలు రోగం వేరే. లిస్టులో 200 మంది విద్యార్థులు, ఒక్కొక్కరికీ రసీదుల కోసం విడిగా ఒక క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న. లిస్టు కోసం ఒకటి, మనుషులకి 200, ఒక్క పేజీకి 201. పైగా రసీదుల టేబుల్‌లో విద్యార్థి ఐడీ మీద ఇండెక్స్ లేదు, పుస్తకం చివర విషయసూచిక లాంటిది, కావలసిన వరుస వెంటనే దొరికేందుకు. రసీదుని విద్యార్థి టేబుల్‌తో కలిపే ఫారిన్ కీ ఉంది కాబట్టి ఇండెక్స్ కూడా ఉంటుందని అనుకున్నారు, పోస్ట్‌గ్రెస్ అలా తనంతట తాను పెట్టదు. లక్షల రసీదులు ప్రతిసారీ మొదటి నుంచి చివరి దాకా తిరగేస్తోంది. ఒక్కోటి 30 మిల్లీసెకన్లే, కానీ 200 సార్లంటే 6 సెకన్లు, అంతసేపూ ఆ కనెక్షన్ ఇంకొకరికి దొరకదు. 10 కనెక్షన్లతో సెకనుకి రెండు పేజీలు కూడా రావు.

ఆ కోడ్ రాసిన అమ్మాయి ఏడుపు ఒక్కటే తక్కువ. "నా మెషీన్‌లో బాగానే ఉంది అన్నా" అంది. నిజమే, తన లాప్‌టాప్‌లో 12 మంది విద్యార్థులే ఉన్నారు, ఏ క్వెరీ అయినా ఎగురుతుంది. తప్పు తనది కాదు, నిజమైన సైజు డేటాతో ఒక్కసారైనా నడపకుండా రిలీజ్ చేసిన మా అందరిదీ. రెండు టేబుళ్లనీ ఒకే క్వెరీలో కలిపే ఒక జాయిన్, ఒక ఇండెక్స్, అంతే. మళ్లీ 4 సర్వర్లకే వచ్చేశాం.

ఇలాంటి మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

సగటు రెస్పాన్స్ టైమ్ 200 మిల్లీసెకన్లు, కాబట్టి అంతా బాగుందట. 99 మందికి 100 మిల్లీసెకన్లు, ఒక్కడికి 10 సెకన్లు పట్టినా సగటు 199 వస్తుంది, లెక్క వేసుకోండి. ఆ ఒక్కడే యాప్ స్టోర్‌లో ఒక స్టార్ ఇచ్చి పోతాడు. నూటికి 95 మందికి, 99 మందికి ఎంతలోపు వచ్చిందో చెప్పే 95, 99 పర్సంటైల్ లేని రిపోర్ట్ నాకు పంపకండి.

పాత కోడ్ ఇన్నాళ్లూ పనిచేసింది, మళ్లీ టెస్ట్ ఎందుకట. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ బయలుదేరిన 40 సెకన్లలోపే పేలిపోయింది. ఏరియన్ 4లో చక్కగా నడిచిన కోడే, కానీ కొత్త రాకెట్ వేగం ఎక్కువ, ఆ అంకె కోడ్‌లో దానికి కేటాయించిన 16 బిట్ల చోటులో పట్టలేదు.

ఇక మనిషి స్వయంగా వాడి చూసే మాన్యువల్ టెస్టింగ్ చచ్చిపోయిందట కదా అని అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న పిల్లలు రాత్రి పదకొండింటికి మెసేజ్ పెడతారు. టెన్షన్ పడకండి. ఆటోమేషన్ స్క్రిప్ట్ మీరు చెప్పింది మాత్రమే చూస్తుంది, పే బటన్ రెండుసార్లు నొక్కితే ఏమవుతుందని అడగాలని ముందు ఎవరికో ఒకరికి తోచాలి. కోడింగ్ కాస్త నేర్చుకోండి, డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ మాత్రం బాగా నేర్చుకోండి.

కవరేజ్, అంటే టెస్టులు నడిపిన కోడ్ లైన్ల వంతు, 90 శాతం దాటింది, బగ్గులుండవు అనేవాళ్లకి ఒక్క మాట. ఆ లైన్ నడిచిందని మాత్రమే కవరేజ్ చెబుతుంది, సరిగ్గా నడిచిందని కాదు. ఒకసారి ఒక ప్రాజెక్ట్‌లో ఫలితం సరైనదేనా అని చూసే అసర్ట్ ఒక్కటి కూడా లేని టెస్టులు పట్టుకుని, ఎవడు రాశాడ్రా ఇది అని అందరి ముందూ ఎగిరాను. ఏ మార్పు ఎవరు చేశారో చూపే గిట్ హిస్టరీ తీస్తే రెండేళ్ల కిందటి కమిట్, నా పేరే.