మగపిల్లలు మాట తగ్గించే వయసు: అపోహలు - వాస్తవాలు

మగపిల్లల్లో యుక్తవయసు సాధారణంగా 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతుంది. తొలి గుర్తు మీసం కాదు, వృషణాలు పెరగడం. అది ఇంట్లో ఎవరి కంటా పడదు కాబట్టే పిల్లాడు ఉన్నట్టుండి మారిపోయాడనిపిస్తుంది.

అపోహ: ఈ మౌనం, ఈ కోపం అంతా పొగరు. నాలుగు తగిలిస్తే దారికొస్తాడు.

వాస్తవం: మెదడులో ఉద్వేగాలను రేపే భాగాలు ముందే చురుకెక్కుతాయి. ఆగి ఆలోచింపజేసే ముందుభాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. కొడితే కోపం పోదు, దాన్ని దాచడం నేర్చుకుంటాడు. అరుస్తున్నప్పుడు వాదించకండి. అరగంట ఆగి, నలుగురిలో కాకుండా, జరిగిన ఆ ఒక్క విషయమే మాట్లాడండి. మార్కులూ పక్కింటి పిల్లాడి పోలికా తెచ్చారో, మాట అక్కడితో ఆగిపోతుంది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే బిగుసుకుపోయే పిల్లలు, పక్కన నడుస్తూ అడిగితే చాలాసార్లు చెప్తారు.

నిద్ర సంగతీ చూడండి. ఈ వయసులో నిద్ర తెప్పించే హార్మోన్ మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, త్వరగా నిద్ర పట్టదు. 13-18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెల్లవారుజామునే స్టడీ అవర్ పెట్టే హాస్టళ్లలో పిల్లల చిరాకుకు నిద్రలేమి పెద్ద కారణం.

అపోహ: నిద్రలో వీర్యం పోతే బలం, జ్ఞాపకశక్తి తగ్గుతాయి.

వాస్తవం: తగ్గవు. వీర్యాన్ని శరీరం ఎప్పటికప్పుడు తయారుచేసుకుంటుంది. ఇన్ని రక్తపు చుక్కలకు ఒక వీర్యపు చుక్క అనే లెక్కకు ఆధారమే లేదు. అసలు నీరసం తెచ్చేది ఆ భయమే. గోడల మీద ప్రకటనలు చూసి పిల్లలు డబ్బు పోగొట్టుకునేదీ ఆ భయంతోనే. పదేళ్లప్పుడే, ఇది మొదలవకముందే, నాన్నో మామయ్యో ఈ సంగతి చెప్పాలి.

అపోహ: ఛాతీ ఉబ్బితే ఆడతనం వచ్చినట్టు.

వాస్తవం: సుమారు సగం మంది అబ్బాయిల్లో చనుమొన కింద గట్టిగా తగులుతుంది. ఎక్కువగా రెండేళ్లలోపు తగ్గిపోతుంది. ఆటలు మానేసి, భుజాలు ముందుకు వంచి నడుస్తుంటే ఈ సిగ్గే కారణం కావచ్చు.

అపోహ: ఏడవడం లేదుగా, బాగానే ఉన్నాడు.

వాస్తవం: ఈ అపోహే అన్నిటికన్నా ప్రమాదం. మగపిల్లల్లో కుంగుబాటు తరచూ చిరాకుగా బయటపడుతుంది. తలుపేసుకుని ఒంటరిగా ఉన్నా స్నేహితులతో కలుస్తుంటే కంగారక్కర్లేదు. స్నేహితులనూ వదిలేసి, తిండి, నిద్ర, చదువు రెండు వారాలకు పైగా దెబ్బతింటే డాక్టర్‌కు చూపించండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు పిల్లాడి దగ్గరా ఉండనివ్వండి.