మహమ్మారిలో వెంటిలేటర్ కంపెనీలు ఎంత మిగుల్చుకున్నాయి? అపోహలు – వాస్తవాలు

అపోహ: కరోనా కాలంలో వైద్య పరికరాల కంపెనీలన్నీ కోట్లు గడించాయి.

వాస్తవం: ఏ పరికరం చేసే కంపెనీ అన్నదాన్ని బట్టి దాని గతి మారింది. మెడ్‌ట్రానిక్ అప్పట్లో వెంటిలేటర్లు చేసేది. 2020 మార్చి 30న తన పీబీ560 వెంటిలేటర్ డిజైన్‌ను ఎవరైనా చేసుకోవచ్చని బయటపెట్టింది కూడా. అయినా ఏప్రిల్ 24తో ముగిసిన త్రైమాసికంలో ఆ కంపెనీ ఆదాయం 26 శాతం పడిపోయి దాదాపు 600 కోట్ల డాలర్లకు దిగింది. వాయిదా వేయదగ్గ ఆపరేషన్లను ఆసుపత్రులు ఆపేశాయి, దాంతో గుండె, వెన్నెముక పరికరాల అమ్మకం ఆగింది. సర్జరీ రోబోలు చేసే ఇంట్యూటివ్‌దీ అదే కష్టం. ఆ ఏడాది రెండో త్రైమాసికంలో ఆదాయం 109.9 కోట్ల డాలర్ల నుంచి 85.2 కోట్లకు తగ్గింది.

అపోహ: సర్కారు ఆర్డరు చేతికొస్తే డబ్బు వచ్చినట్టే.

వాస్తవం: 2020 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ఫిలిప్స్‌తో 43,000 వెంటిలేటర్లకు ఒప్పందం చేసుకుంది. ఆగస్టు చివరికి మిగతావి వద్దంది. అందినవి 12,300.

ఈ దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలియాలంటే మిషన్ లోపలికి చూడాలి. బ్లోయర్, ప్రపోర్షనల్ వాల్వులు, ప్రెషర్ సెన్సర్లు, ఫ్లో సెన్సర్, కంట్రోల్ బోర్డు, బ్యాటరీ... వీటిలో ఒక్కటి రాకపోయినా మిగతా సామాను గోడౌన్‌లో పడుంటుంది. గిరాకీ మండిపోతున్నప్పుడు వాల్వు అమ్మేవాడు అడ్వాన్సు మొత్తం కట్టమంటాడు, ఆర్డరు రద్దు కుదరదని రాయించుకుంటాడు. తయారీదారుకు మాత్రం మిషన్ బిగించి, టెస్ట్ లంగ్ (ఊపిరితిత్తికి బదులు పెట్టే సంచి) మీద నడిపి, క్యాలిబ్రేట్ చేసి (రీడింగులు సరిచేసి), ఆసుపత్రిలో దింపి సంతకం తీసుకున్నాకే బిల్లు పాసవుతుంది. కొనేవాడు మధ్యలో ఆపేస్తే మిగిలిన వాల్వులు వేరే మోడల్‌కు సరిపోవు. అందుకే ఆర్డరు ఎంత పెద్దదన్న దానికంటే ముందు మూడు సంగతులు చూడాలి: అడ్వాన్సు ఎంత, రద్దు చేస్తే విడిభాగాల ఖర్చు ఎవరిది, విడతలవారీ డెలివరీ తేదీలేమిటి.

అపోహ: ఒకసారి పెరిగిన అమ్మకాలు ఇక తగ్గవు.

వాస్తవం: జర్మనీలోని ల్యూబెక్‌లో 1889లో పుట్టిన వెంటిలేటర్ల కంపెనీ డ్రేగర్ లెక్కలు చూస్తే చాలు. 2019లో అమ్మకాలు 278 కోట్ల యూరోలు. వడ్డీ, పన్నులకు ముందు లాభం 6.7 కోట్లు. 2020లో అమ్మకాలు 340.6 కోట్లు, లాభం 39.7 కోట్లు. ఫ్యాక్టరీ అద్దె, ఇంజనీర్ల జీతాలు, డిజైన్ ఖర్చు ముందే ఉన్నవి కాబట్టి, అదనంగా అమ్మిన ప్రతి మిషన్‌లో లాభం వాటా పెద్దది. అమ్మకాలు నాలుగో వంతు కూడా పెరగకుండానే లాభం దాదాపు ఆరింతలైంది. అదే లెక్క వెనక్కి తిరిగినప్పుడూ అంతే గట్టిగా కొడుతుంది. 2021లో లాభం 27.2 కోట్లకు తగ్గింది. 2022లో అమ్మకాలు 304.5 కోట్లు, 2019 కంటే ఎక్కువే, కానీ 8.9 కోట్ల యూరోల నష్టం. కోవిడ్ గిరాకీ పోయింది, ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరకలేదు, ధరలు పెరిగాయి.

వెంటిలేటర్ ఏళ్ల తరబడి నడిచే మిషన్. రాబోయే ఏళ్లలో కొనాల్సినవి ఆసుపత్రులు ఒక్క ఏడాదిలో కొనేశాయి. మన దేశంలోనూ 2020లో పీఎం కేర్స్ నుంచి 2,000 కోట్ల రూపాయలతో 50,000 వెంటిలేటర్లకు ఆర్డర్లిచ్చారు. సగటున ఒక్కోటి 4 లక్షలు. అందులో 30,000 భారత్ ఎలక్ట్రానిక్స్‌కు, 9,650 విశాఖలోని వైద్య పరికరాల తయారీ పార్కు మెడ్‌టెక్ జోన్‌కు వెళ్లాయి. ఇంత సరుకు దిగాక మరుసటి ఏడాది అదే ఆసుపత్రి మళ్లీ పర్చేజ్ ఆర్డర్ ఇస్తుందా? 2020 పెరుగుదలను చూసి కొత్త అసెంబ్లీ లైన్‌కు అప్పు తెచ్చుకోవడం మా దృష్టిలో పెద్ద పొరపాటు. ఉన్న లైన్‌లోనే షిఫ్టులు పెంచుకుంటే, గిరాకీ తగ్గినప్పుడు షిఫ్టులు తగ్గించుకోవచ్చు.

అపోహ: ఎమ్మార్పీ మొత్తం తయారీదారు జేబులోకే.

వాస్తవం: గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ల మీద డిస్ట్రిబ్యూటర్ స్థాయిలో మార్జిన్ 198 శాతం దాకా ఉందని తేలాకే 2021 జూన్‌లో ధరల నియంత్రణ సంస్థ దాన్ని 70 శాతానికి కట్టడి చేసింది.

అపోహ: మిషన్ అమ్మాక కంపెనీ పని అయిపోయినట్టే, వాడకుండా ఉంచితే అది కొత్తదానిలాగే ఉంటుంది.

వాస్తవం: వాడే మిషనే కంపెనీకి ఏటా ఆదాయం తెస్తుంది. సర్క్యూట్లు (రోగికి గాలి చేరవేసే గొట్టాలు), ఫిల్టర్లు, ఫ్లో సెన్సర్లు అప్పుడే అమ్ముడవుతాయి. మూల పెట్టిన మిషన్ పైసా తేదు, పైగా వారంటీ ఖర్చు తెస్తుంది. ఆక్సిజన్ శాతాన్ని కొలిచే గాల్వానిక్ ఆక్సిజన్ సెల్‌నే తీసుకోండి. దాని లోపలి సీసం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కొద్దికొద్దిగా అరిగిపోతుంది, స్విచ్ ఆపి ఉన్నా ఆ పని ఆగదు. చాలాకాలం తర్వాత ఆన్ చేస్తే, మామూలు గాలిలో ఉండే 21 శాతం దగ్గరే క్యాలిబ్రేషన్ ఫెయిల్ కావచ్చు. చార్జింగ్ పెట్టని బ్యాటరీ చచ్చిపోతుంది. గాలి ప్రవాహాన్ని వేడి తీగతో కొలిచే హాట్ వైర్ ఫ్లో సెన్సర్‌ది ఇంకో సమస్య. వెంట్రుక కంటే సన్నని తీగను గట్టి గాలితో ఊదితే తెగుతుంది. స్పిరిట్‌తో కడిగి పూర్తిగా ఆరకముందే బిగిస్తే, వేడెక్కే తీగ వల్ల మంట అంటుకునే ప్రమాదముంది.

కాన్సంట్రేటర్‌కు తేమే శత్రువు. లోపలి జియోలైట్ గుళికలు నీటి ఆవిరిని పీల్చుకుంటే నైట్రోజన్‌ను పట్టుకోలేవు. 93 శాతం దగ్గర ఉండాల్సిన ఆక్సిజన్ పడిపోతుంది, కానీ నీళ్ల సీసాలో బుడగలు మామూలుగానే వస్తుంటాయి కాబట్టి పైకి తెలియదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇది ఎక్కువ. నెలకోసారైనా అరగంట నడిపి, నిమిషానికి 5 లీటర్ల ఫ్లో దగ్గర ఆక్సిజన్ ఎనలైజర్ (శాతం చూపే పరికరం) పెట్టి చూడండి. రీడింగును తేదీతో సహా లాగ్‌బుక్‌లో రాయండి. వారంటీ క్లెయిమ్ వేసినప్పుడు సర్వీస్ ఇంజనీరు మొదట అడిగేది ఆ పుస్తకమే.