ఫొటో వెనక తేదీ

చి. బుజ్జికి, చంటికి,
తాతయ్య ఆశీస్సులు.

పాత ఆల్బమ్‌లో మంచులో దిగిన ఫొటో దొరికిందటగా. మీ అమ్మకి అప్పుడు ఆరేళ్ళు. ఒంటినిండా కంబళి, గుండెల దగ్గర పెద్ద పిన్నీసు, ముక్కు ఎర్రగా. వెనక నా దస్తూరీతో "ఆఫ్రికా, జూలై 1996" అని ఉంది. "ఆఫ్రికాలో మంచేంటి, అందులోనూ జూలైలో? తాతయ్య తేదీ తప్పు రాశారు" అని బుజ్జి తేల్చేసిందని మీ అమ్మ ఫోన్లో నవ్వుతూ చెప్పింది. లెక్కల మాస్టారి మీద వేయదగ్గ నిందేనా అది?

తేదీ సరైనదే. ఆ ఊరు లెసోతో దేశంలో, మొఖోట్లాంగ్ కొండల్లో ఉంది. మ్యాపు తీసి చూడండి. చుట్టూ దక్షిణాఫ్రికా, మధ్యలో గారెకు చిల్లులా ఈ దేశం. అందులో అతి పల్లపు చోటే సముద్రానికి 1,400 మీటర్ల ఎత్తు. మేమున్నది 2,000 దాటిన చోట. నేనేమో కొబ్బరిచెట్టుకి మించిన ఎత్తు ఎరగని కోనసీమవాణ్ణి. అక్కడి బడిలో ఉద్యోగం వచ్చిందని 1995 జనవరిలో మీ అమ్మమ్మనీ, మీ అమ్మనీ వెంటబెట్టుకుని వెళ్ళాను. వాళ్ళు పెద్దవాళ్ళని గౌరవంగా "న్తాతే" అని పిలుస్తారు, తండ్రీ అని అర్థం. నా చెవికి అది "తాతే" అనే వినిపించేది. అలా మీకంటే చాలా ముందే నన్ను తాతను చేసేశారు.

నా తెలివితక్కువతనం ఒకటి చెప్తాను. చలికాలంలో ఎండ దక్షిణం నుంచి పడుతుందని చిన్నప్పటినుంచీ చూసినవాణ్ణి కదా, ఆ లెక్కనే ఇంటికి దక్షిణాన దండెం కట్టాను. జూన్‌లో ఓ పొద్దున చూస్తే నా ప్యాంటు చెక్కలా బిగుసుకుపోయింది. తీసి నేలమీద పెడితే కాసేపు తనంతట తనే నిలబడింది కూడా. పక్కింటి ముసలావిడ కడుపుబ్బ నవ్వి, నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి ఉత్తరప్పక్కకి లాక్కెళ్ళింది. అక్కడ ముసలివాళ్ళంతా కంబళ్ళు కప్పుకుని గోడకి వీపులానించి ఎండ కాగుతున్నారు. ఆ దేశంలో మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా ఉత్తరానే ఉంటాడు. పక్కింటివాళ్ళు నవ్వితే ఉడుక్కోకండి. చాలాసార్లు మనకి తెలియనిది వాళ్ళకి తెలిసే నవ్వుతారు.

ఇలా ఎందుకో చెప్పాలంటే వంకాయ కావాలి. మా చిన్నప్పుడు మా నాయనమ్మ కుంపట్లో వంకాయ కాల్చి పచ్చడి చేసేది. కాయకి నూనె రాసి, అడుగునుంచి తొడిమదాకా ఇనపచువ్వ గుచ్చి నా చేతికిచ్చేది. నిప్పులకేసి పట్టుకుని తిప్పుతూ ఉండాలి. ఓ పక్క మాడి ఇంకో పక్క పచ్చిగా ఉంటే నెత్తిన మొట్టికాయ. ఆ మొట్టికాయలు గుర్తున్నాయిగానీ ఆ పచ్చడి రుచి మాత్రం మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

సరే, కుంపటి సూర్యుడనుకోండి. వంకాయ భూమి. చువ్వని వేళ్ళమధ్య తిప్పితే పగలూ రాత్రీ. ఇప్పుడు చువ్వని నిటారుగా కాకుండా కాస్త వాల్చండి, తొడిమ ఉత్తరపు గోడకేసి ఉండేట్టు. ఆ వాలు మార్చకుండా కుంపటి చుట్టూ నడవండి. మీరు కుంపటికి దక్షిణాన ఉన్నప్పుడు తొడిమ నిప్పుకేసి వంగుతుంది, ఆ పక్క బాగా కాలుతుంది. అది జూన్. నడుచుకుంటూ కుంపటికి ఉత్తరానికొస్తే తొడిమ నిప్పుకి అవతలి వైపు వాలుతుంది, అడుగు వైపు కాలుతుంది. అది డిసెంబరు. మనం తొడిమ వైపు వాళ్ళం, లెసోతో వాళ్ళు అడుగు వైపు వాళ్ళు. మన పక్క కాలేటప్పుడు వాళ్ళ పక్క చల్లారుతుంది. సూర్యుడు దూరమైతే చలి అనుకోకండి, జనవరి మొదట్లోనే భూమి సూర్యుడికి కాస్త దగ్గరగా ఉంటుంది. "వంకాయ పుచ్చుదైతే?" అని చంటిగాడు తప్పకుండా అడుగుతాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకే మా పండుగలు తలకిందులయ్యాయి. భోగి నడి ఎండాకాలంలో వచ్చేది. రేగుపళ్ళు లేవని పీచ్ పళ్ళ చెట్టు కింద రాలిన పిందెలు ఏరి మీ అమ్మ నెత్తిన పోశాం. గట్టివి తగిలి ఏడ్చింది. ఉగాదికి చిగుళ్ళు కాదు, ఆకులు రాలేవి.

ఆ ఫొటో తీసిన వారం దారి మూసుకుపోయింది, కొట్లో కిరసనాయిలు అయిపోయింది. ఆ కొండల్లో చెట్లు తక్కువ, కట్టెలు దొరకవు. ఆ ముసలావిడే గాడిద మీద ఓ బస్తా పంపించింది. విప్పితే పిడకలు! మనం చేత్తో చరుస్తాం, వాళ్ళు పశువుల దొడ్లో తొక్కుడుపడి గట్టిపడ్డ పేడని పలకలుగా కోసి ఎండబెడతారు. పొగ వాసన మాత్రం అచ్చం మా నాయనమ్మ వంటింటిదే. మీ అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది. పొగకే అంది. ఆ రాత్రి మొక్కజొన్న సంకటి, చింతపండు పులుసు తిన్నాం.

వంకాయ ఇంతవరకే పనికొస్తుంది. అక్కడ చందమామలో కుందేలు కూడా తలకిందులే. మీ అమ్మ ఓ రాత్రి వాకిట్లో వెనక్కి తిరిగి, వంగి, కాళ్ళ సందులోంచి చందమామని చూసి "ఇప్పుడు మన ఊరి కుందేలు!" అని అరిచింది. నేనేమీ వివరించలేదు. నేనూ వంగి చూశాను.

మీరు హైదరాబాదులోనే ఓ పని చెయ్యండి. ఈ జూన్ ఆఖరి వారంలో మబ్బు విడిచిన రోజు, మధ్యాహ్నం పన్నెండుంబావు దాటాక, డాబామీద ఇసక బకెట్లో మీటరు కర్ర నిటారుగా పాతండి. నీడ దక్షిణానికి పడుతుంది. లెసోతోలో పడ్డట్టే, కాకపోతే పొట్టిగా. ఆగస్టు 3 ప్రాంతంలో మళ్ళీ చూడండి, ఆ వేళకి నీడ కర్ర కిందే దాక్కుంటుంది. ఆ తరవాత ఉత్తరానికి జరుగుతుంది. కొలిచి రాయండి. ఈ వారం జానెడు దాటిందంటే కర్ర వంకరగా పాతినట్టే, మళ్ళీ పాతండి.

మీ తాతయ్య