పగార్ ఇచ్చేది ఒకరు, పని చెప్పేది ఇంకొకరు

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో రాజురా, బల్లార్‌పూర్, ఘుగ్గుస్, గడ్‌చాందూర్ వైపు పోతే బొగ్గు గని, సిమెంటు ఫ్యాక్టరీ, కాగితపు మిల్లు అన్నీ కొద్ది దూరంలోనే కనిపిస్తాయి. గేటు బయట టీ కొట్టు దగ్గర తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. అక్కడి కుర్రాళ్లను కదిలిస్తే పగార్ తక్కువన్న మాట ఎలాగూ వస్తుంది. దానికంటే ఎక్కువగా వినపడే గోడు ఇంకోటి ఉంది: అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలియదు. ఈ పరిస్థితి నిన్న మొన్న పుట్టింది కాదు.

మనవాళ్లు ఇటు వచ్చిన దారి రైలుదారి. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయింది. మంచిర్యాల, సిర్పూర్ వైపు నుంచి పని వెతుక్కుంటూ బయల్దేరిన వాళ్లకు బల్లార్షా, అంటే బల్లార్‌పూర్ స్టేషను, దగ్గరి ఊరైపోయింది. అప్పటికే అక్కడ బొగ్గు తీస్తున్నారు. 1945లో కాగితపు మిల్లు కంపెనీ వచ్చింది. ఇక రాజురా సంగతి వేరు. అక్కడి తెలుగువాళ్లలో చాలామంది ఎక్కడి నుంచీ వలస రాలేదు, సరిహద్దే వాళ్లను దాటుకుని పోయింది. ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఆ తాలూకా 1956లో బొంబాయి రాష్ట్రానికి పోయి, కొన్నాళ్లు నాందేడ్‌లో ఉండి, 1959లో చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్ జిల్లాలో కలిసింది.

ప్రైవేటు గనుల కాలంలో కూలి నేరుగా యజమాని ముఖం చూసింది తక్కువ. మధ్యలో ముకద్దం ఉండేవాడు. మనిషిని తెచ్చేది, బయానా ఇచ్చేది, హాజరీ రాసేది, పగార్ పంచేటప్పుడు బాకీ పట్టుకునేది అన్నీ అతనే. ఊరివాడే కాబట్టి కష్టానికి పది రూపాయలు సర్దేవాడు, నోరెత్తితే పని పోగొట్టేవాడు కూడా.

1973 ఈ కథకు పెద్ద మలుపు. జనవరి చివర్లో ప్రభుత్వం బొగ్గు గనుల యాజమాన్యాన్ని చేతిలోకి తీసుకుని, మే 1న జాతీయం చేసింది. 1975లో కోల్ ఇండియా, దాని కింద నాగ్‌పూర్ కేంద్రంగా వెస్ట్రన్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడ్డాయి. ఆ ఏడాది జనవరి నుంచే మొదటి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం అమల్లోకి వచ్చింది. క్వార్టరు, ఆస్పత్రి, పి.ఎఫ్. ఉన్న పర్మినెంటు కార్మికుడు అప్పుడు తయారయ్యాడు. పిల్లనిచ్చేవాళ్లు "గని నౌకరీ ఉందా" అని అడిగిన తరం అది. ఇప్పటి కుర్రాళ్ల అసహనంలో సగం వాళ్ల తండ్రుల బతుకుతో పోల్చుకోవడం వల్ల వచ్చిందేనని నాకనిపిస్తుంది. ఆ పోలికను తప్పు పట్టలేం.

ఎందుకంటే అప్పట్లో చట్టం కూడా ఆ దిక్కే చూసింది. 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం కింద 1975 ఫిబ్రవరిలో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. బొగ్గు తవ్వకం, ఎత్తుడు దించుడు, బొగ్గు మీది మట్టీ రాయీ తొలగించే పని, అంటే గనోళ్ల మాటలో ఓబీ, ఇవి కాంట్రాక్టు కూలీలతో చేయించరాదంది. మినహాయింపులు కొన్ని పెట్టింది. తర్వాత పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ గనులు పెరిగాయి. పారలు, తట్టలు పోయి డంపర్లు, భారీ యంత్రాలు దిగాయి. యంత్రాన్ని కిరాయికి తీసుకున్నామన్నారు, దాంతోపాటు దాన్ని నడిపే మనిషీ కిరాయికే వచ్చాడు. ఉత్తర్వు నిషేధించిన ఓబీ పనే ఈరోజు ఔట్‌సోర్సింగ్ ఎక్కువగా కనిపించే చోటు.

కోర్టుల్లోనూ గాలి మారింది. కాంట్రాక్టు విధానాన్ని రద్దు చేసిన పనిలో ఉన్న కార్మికులు అసలు యజమాని, అంటే పని చేయించుకునే కంపెనీ మనుషులే అవుతారని 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఐదేళ్లు తిరగకముందే, 2001 ఆగస్టులో సెయిల్ కేసులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. రద్దు చేసినంత మాత్రాన ఉద్యోగం దానంతటదే రాదంది. ఠేకా, అంటే కాంట్రాక్టు కాగితం ఉత్త నాటకమని రుజువు చేయగలిగితే వేరే మాట. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చే డ్రైవరు ఆ రుజువు ఎక్కడి నుంచి తేవాలి?

జీతం రోజు ముచ్చట చూడండి.

"అన్నా, పగార్ ఎప్పుడు పడ్తది?"

"బిల్లు పాస్ కాలే."

"మరి సాబ్‌ను అడగాల్నా?"

"సాబ్ మనోడు కాదు, కంపెనీ సాబ్. మనది ఠేకేదార్."

నిజానికి 2025 దాకా ఉన్న ఆ 1970 కాంట్రాక్టు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం జీతాలు పంచేటప్పుడు అసలు యజమాని ప్రతినిధి అక్కడ ఉండి సంతకం పెట్టాల్సి ఉండేది. ఠేకేదారు ఎగ్గొడితే అసలు యజమానే కట్టి, తర్వాత అతని దగ్గర వసూలు చేసుకోవాలి. ఠేకేదారు కంపెనీకి పెట్టుకున్న బిల్లుతో కార్మికుడికి పనే లేదు. ఈ ఒక్క సంగతి తెలియకనే ఎన్ని నెలల పగార్లు ఆగాయో.

తవ్వకం పనుల్లోని కాంట్రాక్టు కార్మికులకు 2013 నుంచి కోల్ ఇండియాలో హైపవర్ కమిటీ అనే ప్రత్యేక సంఘం ఖరారు చేసిన వేతనాలు ఉన్నాయి. కాగితం మీద అవి మామూలు కనీస వేతనం కంటే మెరుగే. కానీ బ్యాంకులో పడ్డ డబ్బులోంచి కొంత తీసి సూపర్‌వైజరు చేతిలో పెట్టాల్సి వస్తుందన్న ఫిర్యాదు కాంట్రాక్టు పనుల్లో పాతదే. ఠేకేదార్లందరూ అలాంటివాళ్లు కాదు, బిల్లులు ఆగి తామే అప్పుల్లో పడే చిన్న ఠేకేదార్లూ ఉన్నారు. సరిహద్దు అవతల సింగరేణిలో ఇదే వేతనాల కోసం కాంట్రాక్టు కార్మికులు 2022 సెప్టెంబరులో సమ్మెకు దిగారు. 2024లో అక్కడ లాభాల్లోంచి మొదటిసారి వాళ్లకూ తలా 5,000 రూపాయలు ప్రకటించారు. ఇరువైపులా చుట్టాలున్న ఇళ్లలో ఈ లెక్కలు పండగ మాటల్లో దొర్లకుండా ఉండవు.

ముకద్దం పోయాడనుకున్న చోట ఇప్పుడు ఫోన్ ఉంది. హాజరీ ముఖం చూపిస్తే పడుతుంది, నెట్ లేకపోతే నాగా. రేపటి డ్యూటీ రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో వస్తుంది, చూడలేదంటే తప్పు నీదే. ఐటీఐ చదివి వచ్చినవాడికి ఇది మరీ గుచ్చుకుంటుంది. ముకద్దంతో కనీసం కొట్లాడొచ్చు.

ఫిర్యాదు రాసినా ఏ ఆఫీసులో ఇవ్వాలన్నది ఇంకో తిరకాసు. బొగ్గు, సిమెంటు అయితే కేంద్ర లేబర్ కమిషనర్. కాగితపు మిల్లు, థర్మల్ ప్లాంటు అయితే రాష్ట్ర లేబర్ ఆఫీసు. ఠేకేదారు ఒక్కడే అయినా ఈ నెల గనిలో, వచ్చే నెల ప్లాంటులో పంపితే రెండు దారులూ తొక్కాలి.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి 29 పాత చట్టాలను తమలో కలుపుకున్నాయి. ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు కూడదన్న నిషేధం మినహాయింపులతో ఉంది. జీతం బకాయి పడితే అసలు యజమాని బాధ్యతా ఉంది. కానీ 20 మంది ఉంటే వర్తించిన కాంట్రాక్టు నిబంధనలు ఇప్పుడు 50 మంది ఉంటేనే వర్తిస్తాయి. నలభై మందితో నడిచే ఠేకాలకు ఈ బెల్టులో కొదవ లేదు.

ఇంకోవైపు నియామక పత్రం అందరికీ ఇవ్వాలన్నారు. నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ, అంటే పని వదిలేటప్పుడు చేతికొచ్చే డబ్బు, అన్నారు. పాత గ్రాట్యుటీ చట్టంలో దానికి ఐదేళ్ల సర్వీసు కావాలి. ఠేకా రెండు మూడేళ్లకోసారి చేతులు మారడంతో, ఒకే గేటు లోపల పదిహేనేళ్లు పనిచేసినా చాలామందికి ఆ ఐదేళ్లు ఏ ఒక్క ఠేకేదారు దగ్గరా నిండలేదు. ఇప్పుడు ఇచ్చే పత్రంలో నిర్ణీత కాలం అని రాస్తారా, ఉత్త దినకూలీ అని రాస్తారా అన్నదాని మీదే ఆ డబ్బు వస్తుందో రాదో తేలుతుంది.