వడ్ల చిలుక పురుగు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ధాన్యం దగ్గర ఎగిరే గోధుమరంగు రెక్కల పురుగులన్నీ ఒకటే.

వాస్తవం: నిల్వ ధాన్యం పరీక్షించే వృత్తిలో నాకు తరచుగా ఎదురయ్యేవి రెండు. గడ్డిరంగులో ఉండి, రెక్కలు ముడుచుకున్నప్పుడు వడ్లగింజ కంటే పెద్దగా కనిపించనిది వడ్ల చిలుక. దానికి రెట్టింపు పొడవుతో, బూడిద కలిసిన గోధుమరంగులో ఉండేది బియ్యపు చిలుక. రెక్కల మీది పొలుసులు రాలితే రంగు మారిపోతుంది కనుక భూతద్దంతో వెనుక రెక్కను చూడడం మేలు. వడ్ల చిలుకకు ఆ రెక్క చివర ఒక్కసారిగా సన్నబడి వేలికొనలా మొనదేలుతుంది, అంచున పొడవాటి వెంట్రుకల కుచ్చు ఉంటుంది. బియ్యంలో, నూకల్లో గూడు అల్లి గింజలను ఉండలు కట్టించేది బియ్యపు చిలుక లార్వా. వరి కాండం తొలుచు పురుగును అదుపు చేసే ట్రైకోగ్రామా కార్డుల (ఇతర పురుగుల గుడ్లలో పెరిగే అతి చిన్న కందిరీగ జాతి కీటకం ఉండే అట్టల) తయారీకి ప్రయోగశాలల్లో పెంచేది దీన్నే.

అపోహ: ఎగిరే పురుగే గింజలను తినేస్తుంది.

వాస్తవం: రెక్కల పురుగు గింజను ముట్టదు. కొద్ది రోజులే బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతుంది. గుడ్డు నుంచి వచ్చిన లార్వా గింజలోకి తొలుచుకుపోయి, లోపలి పిండిని తింటూ అక్కడే పెరుగుతుంది. రెక్కల పురుగుగా మారే కోశస్థ దశకు (ప్యూపా) ముందు బయటి వరకు దారి తొలిచి, పైన పలుచని పొరను మాత్రం మిగులుస్తుంది. జొన్న, మొక్కజొన్న గింజలను వెలుతురుకు పట్టి చూస్తే గుండ్రటి ఆ పొర స్పష్టంగా కనిపిస్తుంది. రెక్కల పురుగు దాన్ని తోసుకుని బయటపడుతుంది. అంటే మన కంటపడిన ప్రతి వడ్ల చిలుకా అప్పటికే ఒక గింజను గుల్ల చేసి వచ్చినదే. అందుకే దీపం పెట్టి వాటిని చంపినంత మాత్రాన గింజల్లో దాగిన లార్వాల పని ఆగదు.

అపోహ: ఇది గోదాములోనే పడుతుంది.

వాస్తవం: కోతకు వచ్చిన పంట మీదే గుడ్లు పెట్టగలదు. కోత ఆలస్యం చేయకుండా, నూర్చిన గింజలను తేమ 12 శాతానికి తగ్గేలా ఎండబెట్టి, శుభ్రమైన సంచుల్లో నింపాలి. పాత గోనెల్లో మిగిలిన గింజల నుంచి కూడా ఇది వ్యాపిస్తుంది.

అపోహ: పురుగు కనిపిస్తే రాశి అంతా పోయినట్టే.

వాస్తవం: ఈ బలహీనమైన పురుగు రాశి లోతుకు చొరబడలేదు కనుక, విడిగా పోసిన ధాన్యంలో నష్టం ఎక్కువగా పై పొరకే పరిమితం. లోతుకు వెళ్లే ముక్కు పురుగు సంగతి వేరు.

అపోహ: ఇంట్లోనే పొగబిళ్ళలు వేసుకోవచ్చు.

వాస్తవం: ఎంతమాత్రం వేయకూడదు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళల నుంచి వెలువడే ఫాస్ఫీన్ వాయువు మనుషుల ప్రాణం తీస్తుంది. మనుషులు మసలే చోటికి దూరంగా, గాలి చొరబడకుండా మూసిన నిల్వలో, శిక్షణ పొందిన వారే వాటిని వాడాలి.