నాచుకు మందు అడిగే ముందు: మొక్కల అక్వేరియంలో అపోహలు - వాస్తవాలు

ట్యాంకు పెట్టిన మూడో వారంలో ఫోన్ వస్తుంది. "అన్నా, అద్దమంతా పచ్చగా పట్టేసింది, ఏదైనా మందు చెప్పన్నా." హైదరాబాద్‌లో ఇళ్లకూ ఆఫీసులకూ ప్లాంటెడ్ ట్యాంకులు పెట్టి, నెలనెలా వెళ్లి చూసుకోవడం నా పని. మందు పేరు చెప్పకుండా నేను అడిగేది ఒకటే: "మొక్కలు కొత్త ఆకు వేస్తున్నాయా?" చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ఎందుకంటే చూపంతా నాచు మీదే ఉంటుంది, మొక్కల వైపు చూసి చాలా రోజులై ఉంటుంది.

అపోహ: ఎరువు వేస్తే నాచు వస్తుంది

నాకు రోజూ ఎదురయ్యే మాట ఇదే, ఎక్కువ మొక్కలను చంపేదీ ఇదే. దీని వెనక కొంచెం చరిత్ర ఉంది. 1996లో పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అనే ఇద్దరు అక్వేరియం ప్రియులు తమ ట్యాంకుల అనుభవం రాశారు. మొక్కలకు నైట్రేట్, పొటాషియం, ఐరన్ లాంటివి అందిస్తూ, ఫాస్ఫేట్‌ను మాత్రం కరువులో ఉంచితే నాచు అదుపులో ఉంటుందని వాళ్ల మాట. అందులో మొక్కలకు తిండి పెట్టాలన్న సగం గాలికిపోయి, ఫాస్ఫేట్ అంటే నాచు అన్న సగమే జనంలో మిగిలిపోయింది. తర్వాత మొక్కల అక్వేరియంలు పెంచే టామ్ బార్ లాంటి వాళ్లు కావాలనే ఫాస్ఫేట్ వేసి చూశారు. మొక్కలు నిండుగా, ఏపుగా ఉన్న ట్యాంకులో దానివల్ల నాచు రాలేదు.

కూకట్‌పల్లిలో ఒకరి ఇంట్లో ట్యాంకు చూశాను. షాపులో చెప్పారని నాలుగు నెలలుగా చుక్క ఎరువు వేయలేదు. రోటాలా అనే కాడ మొక్క కాడలు కింద సగం వరకు బోడిగా ఉన్నాయి, పైన గోరంత ఆకులు. అనూబియాస్ అనే దళసరి ఆకుల మొక్క ఆకు ఒకటి వేలితో తిప్పి చూస్తే, ఆకు నడుమ పచ్చటి చుక్కలు గట్టిగా అతుక్కుని ఉన్నాయి, గోరుతో గీకినా రాలేదు. పాత ఆకు అంచు కుళ్లి చిల్లులు పడిన చోట మాత్రమే బూడిదరంగు పోగులు వేలాడుతున్నాయి. బాగున్న ఆకు మీద ఒక్క పోగు లేదు. ఆకు బలహీనపడ్డాకే నాచు పట్టిందని అక్కడే తెలిసిపోతుంది. ఆ గట్టి పచ్చ చుక్కలైతే ఎక్కువగా ఫాస్ఫేట్ తక్కువైన ట్యాంకుల్లోనే కనిపిస్తాయి. పాత ఆకులన్నీ కత్తిరించి ఎరువు మొదలుపెట్టాం. అయిదారు వారాల్లో రోటాలా నీటి పైవరకు వచ్చింది. కొత్త ఆకుల మీద చుక్కలు లేవు.

లెక్క కూడా కష్టమేమీ కాదు. 100 లీటర్ల నీటికి 1 గ్రాము పొటాషియం నైట్రేట్ వేస్తే నైట్రేట్ సుమారు 6 పీపీఎం (లీటరుకు 6 మిల్లీగ్రాములు) పెరుగుతుంది. 0.2 గ్రాముల మోనో పొటాషియం ఫాస్ఫేట్‌తో ఫాస్ఫేట్ 1.4 పీపీఎం దాకా పెరుగుతుంది. మన రైతులు డ్రిప్‌లో వదిలే 13-0-45, 0-52-34 ఇవే. ఎరువుల దుకాణంలో దొరుకుతుంది కదా అని 19-19-19 మాత్రం తేవద్దు. అందులో నత్రజని చాలావరకు యూరియా, అమ్మోనియా రూపంలో ఉంటుంది. అది చేపలకు ప్రమాదం, నాచుకు పండగ. వారానికోసారి సగం నీళ్లు మారుస్తూ ఉంటే వేసింది పేరుకుపోదు.

అపోహ: నాచు పట్టిందంటే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడిగేయాలి

ఆదివారం పూట చేపల్ని బకెట్లో వేసి, గులకరాళ్లు, ఫిల్టర్ స్పాంజి అన్నీ కుళాయి కింద రుద్ది రుద్ది కడగడం మన ఇళ్లలో అలవాటు. ట్యాంకు తళతళలాడుతుంది, నిజమే. రెండు వారాల్లో మునుపటికంటే ఎక్కువ నాచు వస్తుంది. అమ్మోనియాను మార్చే మంచి బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనూ రాళ్లలోనూ ఉంటుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. అమ్మోనియా పెరుగుతుంది, మొక్కలు వేళ్లు తెగి డీలాపడతాయి, నాచుకు దారి దొరుకుతుంది. స్పాంజిని ట్యాంకులోంచే తీసిన బకెట్ నీళ్లలో నాలుగుసార్లు పిండితే చాలు. నీళ్లు సగం మార్చండి, అద్దం గీకండి, కుళ్లిన ఆకులు ఏరండి. అడుగునున్న గులకరాళ్లను కదపకండి.

కొత్త ట్యాంకులో గోధుమరంగు పొడిలా పట్టేది డయాటమ్ అనే ఒక రకం నాచు. దానికి ఏమీ చేయనక్కర్లేదు. తుడుస్తూ ఉంటే కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. టెన్షన్ పడి మందులు పోసేది ఎక్కువగా దీనికే, అదే బాధ.

అపోహ: లైటు ఎంత ఎక్కువైతే మొక్కలకు అంత మంచిది

లైటు పెంచితే మొక్కకు ఆకలి పెరుగుతుంది. ఆ ఆకలికి తగ్గ కార్బన్ డయాక్సైడ్, ఎరువు దొరక్కపోతే మొక్క చిక్కిపోతుంది. హాల్లో అందంగా ఉంటుందని పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా లైటు వెలిగించే ఇళ్లు చాలా చూశాను. కొత్త ట్యాంకుకు 6 గంటలు, కుదురుకున్నాక 8 గంటలు చాలు. ఒక టైమర్ కొనండి, మనిషి మతిమరుపు మీద వదలొద్దు. ట్యాంకుకు కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్ పెట్టుకున్నవాళ్లు లైటు వెలగడానికి గంట, గంటన్నర ముందే గ్యాస్ వదలాలి. నీళ్లలో ఆ గ్యాస్ ఎంతుందో రంగుతో చూపే, లోపల వేలాడదీసే డ్రాప్ చెకర్ నీలంగా ఉంటే తక్కువ, ఆకుపచ్చగా ఉంటే దాదాపు 30 పీపీఎం, పసుపుకు తిరిగితే చేపలకు ఇబ్బంది. రంగు మారడానికి గంటకు పైగా పడుతుంది కాబట్టి చేపల మీద కూడా కన్నేసి ఉంచండి. అవి నీటి పైకొచ్చి నోరు తెరుస్తుంటే వెంటనే గ్యాస్ కట్టేయాలి.

మే నెలలో ఇంకా జాగ్రత్త. నీళ్లు 31, 32 డిగ్రీలకు చేరితే అందులో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, మెత్తటి మొక్కలు కరిగిపోతాయి. ఆ ఎండలున్నన్నాళ్లూ లైటు ఒక గంట తగ్గించి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పుతాను.

అపోహ: నల్ల గడ్డం నాచు వస్తే ట్యాంకు పారేయాల్సిందే

రాళ్ల అంచుల మీద, ఆకుల కొసల మీద నల్లటి కుచ్చుల్లా పట్టే దీన్ని చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. నలుపుగా కనిపించినా ఇది ఎర్ర నాచు జాతి. గ్యాస్ ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అవుతుంటే, పాత ఆకులు, చెత్త పేరుకుంటే ఇది వస్తుంది. ఆ కారణం సరిచేసి, పట్టిన రాయినీ కర్రనూ బయటికి తీసి, సిరంజితో హైడ్రోజన్ పెరాక్సైడ్ రాయండి. రెండు మూడు నిమిషాలు ఆగి కడిగి పెట్టేయండి. రెండు మూడు రోజుల్లో కుచ్చులు గులాబీరంగుకు తిరుగుతాయి. అంటే చచ్చాయన్నమాట. రంగు మారిన ఆ కుచ్చుల్ని అమానో అనే చిన్న రొయ్యలు కొరుక్కుతింటాయి. ఒక ముఖ్యమైన మాట: విదేశీ వీడియోల్లో చెప్పే కొలతలు 3 శాతం ద్రావణానికి. మన మెడికల్ షాపులో ఇచ్చేది ఎక్కువగా 6 శాతం. సీసా చదివి, 6 శాతమైతే అంతే నీళ్లు కలిపి వాడండి.

అపోహ: నీలి పచ్చ పాచికి యాంటీబయాటిక్ వేస్తే సరి

ఇది నాచు కాదు, బ్యాక్టీరియా. అందుకే ఎరిత్రోమైసిన్‌కు చస్తుంది. చస్తుందని మనుషుల మందు బిళ్లలు పొడిచేసి ట్యాంకులో కలపడం నాకు ఒప్పుదల కాదు. ఆ నీళ్లు చివరికి పోయేది డ్రైనేజీలోకే. మందుకు లొంగని బ్యాక్టీరియాను మనమే పెంచినట్టవుతుంది. ఈ పాచిని గుర్తుపట్టడం తేలిక: వేలు పెడితే పాల మీద మీగడలా పొరపొరగా లేస్తుంది, బురద వాసన కొడుతుంది. పైపుతో లాగేసి, దుప్పటి కప్పి మూడు రోజులు చీకట్లో ఉంచండి. ఎయిర్ పంపు నడుస్తూనే ఉండాలి. తర్వాత సగం నీళ్లు మార్చి, నైట్రేట్ సున్నా ఉంటే పెంచండి. నీళ్లు కదలని మూలకు ఫిల్టర్ మూతి తిప్పండి.

అపోహ: ఒక సక్కర్ చేప వేస్తే అంతా తినేస్తుంది

వేలెడంత ఉన్నప్పుడు అద్దం నాకుతుంది. ఏడాది తిరిగేసరికి జానెడు దాటుతుంది, నాచు వదిలేసి మేత తింటుంది, మొక్కల్ని పెకలిస్తుంది, బోలెడు మలం వదులుతుంది. నాచు తినడానికే అయితే అమానో రొయ్యలు, ఓటోసింక్లస్ అనే చిన్న చేపలు, నెరైట్ నత్తలు ఉన్నాయి. ఇవి కూడా మనకు సాయం మాత్రమే చేస్తాయి. సక్కర్ చేప ఇప్పటికే ఇంట్లో ఉండి, పెద్దదైపోయిందనుకుంటే షాపుకు తిరిగివ్వండి, లేదా పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇవ్వండి. పాపం కదా అని చెరువులోనో కాలువలోనో వదలకండి. కృష్ణా జిల్లా చేపల చెరువుల్లో రైతులు దెయ్యం చేప అని తలపట్టుకునేది ఈ జాతినే. దాని గట్టి ముళ్ల రెక్కలకు వలలు చిరుగుతున్నాయి.